నాలుగో ఏడాది... సొంత ప్రశ్న!

డిగ్రీ పేరు పక్కన ‘ఆనర్స్’ చేరాలంటే ఎన్ని క్రెడిట్లు సంపాదించాలి? ఎన్ని మార్కులు తెచ్చుకోవాలి? పరిశోధన ఎవరు చేయొచ్చు? చేస్తే ఏమొస్తుంది? ఆ నాలుగేళ్ల లెక్కనీ, దాని వెనకున్న అసలు చదువునీ వివరించే కథనమిది.

ఇంటర్ ఫలితాలు రాగానే ఊరూరా ఇంటర్నెట్ సెంటర్లకు పని పెరుగుతుంది. తెలంగాణలో దోస్త్, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ప్రవేశాల పోర్టల్... తెర మీద కళాశాలల జాబితా కదులుతుంటే పక్కన కూర్చున్న అమ్మానాన్నలకు ఒకటే ఆదుర్దా. ఏ గ్రూపు పెట్టాలి, ఊరికి ఏ కాలేజీ దగ్గర, హాస్టల్ ఉందా లేదా! ఈ హడావుడిలో బీఏ, బీకాం, బీఎస్సీల పక్కన కనిపించే ‘ఆనర్స్’ గురించి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఎవరైనా అడిగినా ‘ఇంకో ఏడాది ఎక్కువ చదవాలంతే’ అన్న జవాబు వస్తుంది. ‘ఇంకో ఏడాది చదివిస్తే ఏమొస్తుందండీ?’ అని ఓ తండ్రి అడిగే ప్రశ్న దగ్గర ఆ సంభాషణ ఆగిపోతుంది.

ఆ తండ్రి అడిగింది న్యాయమైన ప్రశ్న. నాలుగో ఏడాదికి డబ్బు కావాలి, సమయం కావాలి. ఆ ఏడాది ఉద్యోగంలో చేరితే ఇంటికి వచ్చే జీతం కూడా వదులుకోవాలి. అందుకే ఆనర్స్ అంటే ఏమిటో, అందులో విద్యార్థి ఏం చేయాలో, విశ్వవిద్యాలయం ఏం సమకూర్చాలో చేరకముందే తెలియాలి. నిబంధనలన్నీ చదివాక నాకు అర్థమైంది ఒకటుంది. క్రెడిట్లు, శాతాలు, సెమిస్టర్లు... ఈ లెక్కలన్నీ విద్యార్థిని ఒకచోటికి చేర్చడానికే ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో జవాబు దొరకని ఒక ప్రశ్నను తనంతట తాను వేసుకుని, దాని వెంట ఒక ఏడాది నడిచే చోటికి. అక్కడికి తీసుకెళ్తేనే నాలుగో ఏడాదికి విలువ.

160 క్రెడిట్ల దారి

జాతీయ విద్యావిధానం 2020లో వచ్చింది. దానికి అనుగుణంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో డిగ్రీ కోర్సులకు పాఠ్య ప్రణాళిక, క్రెడిట్ల చట్రాన్ని ప్రకటించింది. దాని ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు కనీసం 160 క్రెడిట్లు ఉండాలి. విశ్వవిద్యాలయాలు అంతకన్నా ఎక్కువ కూడా పెట్టుకోవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సెమిస్టర్‌కు 22 చొప్పున ఎనిమిది సెమిస్టర్లకు 176 క్రెడిట్లు ఉన్నాయి.

క్రెడిట్ అంటే విద్యార్థి చదువుకు వెచ్చించే సమయానికి కొలత. తరగతి గదిలో వినే పాఠమైతే సెమిస్టర్‌లో 15 గంటలకు ఒక క్రెడిట్. ప్రయోగశాలలో పని, క్షేత్ర పర్యటన, ఇంటర్న్‌షిప్ లాంటివైతే 30 గంటలకు ఒకటి. నాలుగు క్రెడిట్ల పేపరంటే 60 గంటల పాఠాలన్నమాట. పరీక్షకు ముందు వారం రోజులు గైడ్ పుస్తకం తిరగేస్తే ఈ గంటలు పూర్తి కావు. ఏడాది పొడవునా తరగతిలో కూర్చుంటారన్న నమ్మకం మీదే ఈ లెక్క నిలబడింది.

మరి ఆ 160 ఎలా కూడాలి? సింహభాగం మేజర్‌ది. విద్యార్థి ప్రధానంగా ఎంచుకున్న సబ్జెక్టుకు నాలుగేళ్లలో కనీసం 80 క్రెడిట్లు, అంటే మొత్తంలో సగం. మైనర్‌గా తీసుకున్న రెండో సబ్జెక్టుకు 32. తన శాఖకు బయటి విషయాలను పరిచయం చేసే బహుళశాస్త్ర కోర్సులకు 9. భాషా సామర్థ్యానికి 8, నైపుణ్య కోర్సులకు 9. పర్యావరణం, రాజ్యాంగ విలువలు, డిజిటల్ పరిజ్ఞానం లాంటి వాటికి 6 నుంచి 8. వేసవి ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4. చివరగా, పరిశోధన ప్రాజెక్టుకో డిసర్టేషన్‌కో (సిద్ధాంత వ్యాసం) 12.

ఈ విభజనలో ఒక ఆలోచన ఉంది. భౌతికశాస్త్రం చదివే అమ్మాయికి ఆర్థికశాస్త్రమో సంగీతమో కొంత తెలియాలి. చరిత్ర చదివే అబ్బాయికి గణాంకాలు చూసి భయపడని స్థైర్యం రావాలి. అదే సమయంలో ఏదో ఒక విషయంలో లోతుకు వెళ్లాలి. కోర్సులకు ఇచ్చే అంకెలూ ఆ లోతునే చెబుతాయి. 100 నుంచి 199 వరకూ పునాది పాఠాలు, 200లలో మధ్యస్థాయి, 300లలో పైస్థాయి. 400లలో ఉండేవి నాలుగో ఏడాది చదవాల్సిన ఉన్నతస్థాయి కోర్సులు. మూడేళ్లకే ఆగిపోయేవారికి ఆ చివరి మెట్టు పరిచయం కాదు.

రెండు సబ్జెక్టుల మీద సమానమైన ఇష్టం ఉన్నవాళ్లకు డబుల్ మేజర్ ఉంది. రెండో మేజర్‌లో మొత్తం క్రెడిట్లలో కనీసం 40 శాతం సంపాదించాలి. 160లో అది 64.

మధ్యలో ఆగితే?

ఇంట్లో పెద్దదిక్కు కోల్పోవడం, పెళ్లి, అనారోగ్యం, ఫీజు కట్టలేకపోవడం... డిగ్రీ మధ్యలో మానేసేవారికి మన దగ్గర కారణాలకు కొదవలేదు. పాత పద్ధతిలో రెండేళ్లు చదివి ఆపేసిన విద్యార్థి చేతిలో ఇంటర్ సర్టిఫికెట్ తప్ప ఏమీ మిగిలేది కాదు. కొత్త చట్రంలో మొదటి ఏడాది 40 క్రెడిట్లు పూర్తిచేసి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. రెండేళ్లలో 80 క్రెడిట్లు, పైన అలాంటి వృత్తి కోర్సే ఒకటి పూర్తిచేస్తే డిప్లొమా. మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్. సర్టిఫికెట్‌తోనో డిప్లొమాతోనో బయటికెళ్లినవాళ్లు మూడేళ్లలోపు తిరిగొచ్చి చేరొచ్చు. మొదలుపెట్టిన నాటి నుంచి ఏడేళ్లలోగా చదువు ముగించాలి.

సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి ఖాతాలో జమవుతాయి. స్వయం పోర్టల్లో చేసే ఆన్‌లైన్ కోర్సుల నుంచి 40 శాతం వరకూ క్రెడిట్లు తీసుకునే వీలుంది. తమ కళాశాలలో లెక్చరర్ లేని సబ్జెక్టును ఐఐటీ ఆచార్యుల దగ్గర వినే అవకాశం పాడేరు విద్యార్థికీ ఉంది, ఆసిఫాబాద్ విద్యార్థికీ ఉంది. అయితే ఆ కోర్సును తమ విశ్వవిద్యాలయం ఆమోదించిందో లేదో ముందే కనుక్కోవాలి. చేశాక అడిగితే శ్రమ వృథా కావచ్చు.

75 శాతం గడప

ఆనర్స్‌లో రెండు దారులున్నాయి. ఒకటి ఆనర్స్, రెండోది పరిశోధనతో కూడిన ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకన్నా ఎక్కువ మార్కులు వచ్చినవారు రెండో దారి ఎంచుకోవచ్చు. వారు 12 క్రెడిట్లకు ఒక గైడ్ పర్యవేక్షణలో పరిశోధన చేసి డిసర్టేషన్ సమర్పించాలి. మిగిలినవారు ఆ 12 క్రెడిట్లకు పరిశోధన బదులుగా మరో మూడు పేపర్లు చదివి ఆనర్స్ పొందుతారు.

ఈ 75 శాతం విషయంలో తొలి ఏడాది విద్యార్థులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. చూసేది ఆరు సెమిస్టర్లనూ కలిపి. మొదటి ఏడాది రెండు సెమిస్టర్లలో సగటున 65 శాతమే వస్తే, మిగతా నాలుగింటిలో సగటున 80 తెచ్చుకుంటేనే గడప దాటగలరు. రెండేళ్లూ 70 దగ్గరే ఆగిపోతే మూడో ఏడాది 85 రావాలి. ‘మొదటి ఏడాదేగా, తర్వాత చూసుకుందాం’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. మీ విశ్వవిద్యాలయం మార్కుల బదులు గ్రేడ్ పాయింట్లు ఇస్తుంటే, వాటిని శాతంలోకి మార్చే సూత్రం ఏమిటో మొదటి సెమిస్టర్లోనే పరీక్షల విభాగాన్ని అడిగి రాసిపెట్టుకోవాలి.

ఇక్కడే ఒక బాధ కూడా చెప్పుకోవాలి. ఆ గడప ముందు అందరూ ఒకే ఎత్తున నిలబడి లేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. పదో తరగతి దాకా, ఇంటర్ దాకా తెలుగులో చదివి మెరిసిన పిల్లలు మొదటి సెమిస్టర్లో తడబడతారు. విషయం తెలిసి కూడా రాయలేరు. మూడో సెమిస్టర్‌కి కుదురుకుని, ఆరో సెమిస్టర్‌కి తరగతిలో అందరికన్నా ముందుంటారు. అయినా తొలి ఏడాది మార్కులు వాళ్లను వెనక్కి లాగుతాయి. పరిశోధనకు కావలసింది కుతూహలం, ఓపిక, నిజాయతీ. ఆ మూడూ నిండుగా ఉన్న విద్యార్థి భాష కొత్తదవడం వల్ల గడప బయటే ఉండిపోతే నష్టం మన ఊళ్లకే. అందుకే తొలి సెమిస్టర్లో భాషా సామర్థ్య కోర్సుల గంటలను మొక్కుబడిగా కాకుండా, పాఠ్యాంశాన్ని ఇంగ్లిష్‌లో చదివి రాయడం నేర్పే తరగతులుగా నడపాలి. ఆ గంటలు ఇప్పటికే టైంటేబుల్లో ఉన్నాయి, వాడుకోవడమే మిగిలింది.

మనకు కొత్త కాదు

ఆనర్స్ ఢిల్లీ, కలకత్తాల సొత్తని చాలామంది అనుకుంటారు. తెలుగునాట కూడా దానికి గట్టి చరిత్రే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా వచ్చాక వాల్తేరులో ఆనర్స్ చదువులు ఊపందుకున్నాయి. తెలుగు శాఖలో పింగళి లక్ష్మీకాంతం లాంటి ఆచార్యులు ఆనర్స్ విద్యార్థులకు పాఠం చెప్పారు. ఆ శాఖలోనే 1948లో తెలుగులో బీఏ ఆనర్స్ పూర్తిచేసిన ఒంగోలు యువకుడు భద్రిరాజు కృష్ణమూర్తి. అక్కడ నాటుకున్న భాషాశాస్త్రం మీది ఆసక్తి ఆయన్ను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం దాకా తీసుకెళ్లింది. ఆయన ‘తెలుగు వెర్బల్ బేసెస్’ గ్రంథం 1961లో వచ్చింది. ద్రావిడ భాషల మీద ఆయన రాసిన పుస్తకాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2003లో ప్రచురించింది. ప్రపంచంలో ద్రావిడ భాషల గురించి ఎవరు మాట్లాడినా ఆయన పేరు తలవక తప్పదు.

రాధాకృష్ణన్ సంగతే చూడండి. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో ఎంఏ చదువుతూ వేదాంతంలోని నీతి గురించి ఆయన రాసిన సిద్ధాంత వ్యాసం 1908లో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు ఇరవై. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం ఆనర్స్ చదువుతున్నప్పుడే సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ రాసిన పరిశోధన పత్రాన్ని లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. ఆ విద్యార్థే 1983లో నోబెల్ అందుకున్నారు. ఇరవై ఏళ్ల పిల్లలకు పరిశోధన ఏమిటని కొట్టిపారేసేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. వాళ్లంతా మహామేధావులు కదా అనొచ్చు. నిజమే. కానీ ఆ వయసులో వాళ్లకు ప్రశ్న వేసే స్వేచ్ఛా, రాసింది చదివి దిద్దే గురువూ దొరికారు. మేధను మనం తయారుచేయలేం, ఆ రెండింటినీ సమకూర్చగలం.

1950ల చివర్లో మూడేళ్ల డిగ్రీ విధానం వచ్చాక తెలుగునాట ఆనర్స్ క్రమంగా కనుమరుగైంది. మళ్లీ తెచ్చే ప్రయత్నాలు అన్నీ సజావుగా సాగలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టి, తీవ్ర నిరసనల మధ్య 2014 జూన్‌లో వెనక్కి తీసుకుంది. పాఠ్య ప్రణాళిక హడావుడిగా రాశారనీ, అధ్యాపకులను సన్నద్ధం చేయలేదనీ అప్పట్లో విమర్శలొచ్చాయి. 2022లో కొత్త చట్రంతో మళ్లీ ప్రారంభించింది. అక్కడ నాలుగో ఏడాదిలో డిసర్టేషన్, అకడమిక్ ప్రాజెక్టు, వ్యాపార ఆలోచనను కార్యరూపంలోకి తేవడం... మూడింట్లో ఒకటి ఎంచుకుంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచే డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్‌నీ, నాలుగో ఏడాది ఆనర్స్‌నీ తెచ్చారు. 2023-24లో ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. తెలంగాణలో ఎక్కువగా మూడేళ్ల డిగ్రీయే నడుస్తున్నా, 2023-24లో కంప్యూటర్ సైన్స్‌లో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్‌ను కొన్ని కళాశాలల్లో ప్రారంభించారు. ఇంజినీరింగ్‌లో ఆనర్స్ వేరే తీరు. అక్కడ ఏడాది పెరగదు. బీటెక్‌కు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నమూనా ప్రకారం ఉండే 160 క్రెడిట్ల మీద దాదాపు 20 అదనంగా సంపాదించాలి. విశ్వవిద్యాలయం నిర్ణయించిన సీజీపీఏ ఉండి, బ్యాక్‌లాగ్‌లు లేనివారికే ఆ అవకాశం. ప్రవేశ సమయంలో ఈ రెండు రకాల ఆనర్స్‌నూ కలిపి గందరగోళపడేవారు చాలామంది.

360 గంటల్లో ఏం చేయాలి?

12 క్రెడిట్ల డిసర్టేషన్‌ను 30 గంటలకో క్రెడిట్ లెక్కన చూస్తే 360 గంటల పని. మంచి పరిశోధనకు అది పెద్ద సమయమేమీ కాదు. అందుకే ప్రశ్న చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. ‘భారత వ్యవసాయం – సమస్యలు’ అన్న శీర్షిక పెట్టుకుంటే పుస్తకాల నుంచి ఎత్తిరాయడం తప్ప ఏమీ మిగలదు. ‘గుంటూరు మిర్చి యార్డుకు మా మండలం నుంచి సరుకు తెచ్చే చిన్న రైతుకు అమ్మకం రోజున చేతికొచ్చేది ఎంత, ఖర్చులకు పోయేది ఎంత?’ అని అడిగితే వాణిజ్యశాస్త్రం విద్యార్థికి ఏడాది పని దొరికినట్టే. దాన్ని ఆ విద్యార్థి తప్ప ఢిల్లీలో కూర్చున్న ఆచార్యుడు చేయలేడు.

ప్రశ్నలు మన చుట్టూనే ఉన్నాయి. నల్గొండ ప్రాంతంలో తాగునీటి ఫ్లోరైడ్ తరాల సమస్య. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక ఊరి బోర్లలో వేసవికీ వానాకాలానికీ ఆ పరిమాణం ఎలా మారుతోందో రసాయనశాస్త్రం విద్యార్థి నెలనెలా కొలవొచ్చు. కొల్లేరు 2002 నుంచి రామ్సర్ చిత్తడి నేలల జాబితాలో ఉంది. అక్కడి ఆటపాక దగ్గర పక్షుల రాకపోకలను జంతుశాస్త్రం విద్యార్థి ఒక రుతువంతా నమోదు చేయొచ్చు. పోచంపల్లిలోనో చీరాలలోనో మగ్గం మీద ఆధారపడిన ఇళ్లలో తర్వాతి తరం ఏ పని ఎంచుకుంటోందో ఆర్థికశాస్త్రం విద్యార్థి అడిగి తెలుసుకోవచ్చు. చరిత్ర విద్యార్థికి సొంత ఊరి గుడి ముందు నిలబెట్టిన శాసనమే చాలు. తెలుగు విద్యార్థి తన మండలంలో చెరువుల పేర్లు, పంటల మాటలు, చేతివృత్తుల పదాలు సేకరించినా అది భాషకు మేలే. రేపు ఆ మాటలు పలికేవాళ్లు ఉంటారో లేదో చెప్పలేం.

ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు మరో సౌలభ్యం ఉంది. తొలి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో భాగంగా వాళ్లు ఊళ్లలో ఇంటింటి సర్వే చేస్తారు. దాన్ని సంతకాల కోసం ముగించేయకుండా, అప్పుడు ఎదురైన ఒక సందేహాన్ని పుస్తకంలో రాసుకుంటే మూడేళ్ల తర్వాత అదే డిసర్టేషన్‌కు మొలక అవుతుంది.

పుస్తకాలు ఎక్కడివంటారా? యూనివర్సిటీల్లో సమర్పించిన పీహెచ్‌డీ గ్రంథాలను శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. ఖరీదైన అంతర్జాతీయ పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందించే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 2025 జనవరిలో మొదలైంది. దాదాపు 13 వేల పత్రికలు అందులో ఉన్నాయి. మీ ప్రభుత్వ కళాశాలకు ఆ సదుపాయం వచ్చిందో లేదో లైబ్రేరియన్‌ని అడగండి. పాత తెలుగు పత్రికలు, పుస్తకాలు కావాలంటే 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం, 1901 నాటి హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉన్నాయి. అలాంటి గ్రంథాలయంలో వారం రోజులు కూర్చోవడం కూడా ఒక చదువే.

నిజాయతీ ఇందులో మొదటి నియమం. 2018లో యూజీసీ గ్రంథచౌర్య నిరోధక నిబంధనలను పీజీ, పరిశోధన స్థాయి డిసర్టేషన్ల కోసం తెచ్చినా, డిగ్రీ విద్యార్థికీ అవి హెచ్చరికే. వాటి ప్రకారం ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే తిరగరాసి సమర్పించాలి. 40 శాతం దాటితే ఏడాది పాటు సమర్పించే అవకాశమే ఉండదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. జిరాక్స్ షాపుల్లో డబ్బిచ్చి ప్రాజెక్టు రిపోర్టు కొనుక్కునే అలవాటు, కృత్రిమ మేధతో పేజీలు నింపే అలవాటు రెండూ విద్యార్థిని మోసం చేసేవే. రేపు వైవాలో ‘ఈ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడిగితే తానే కొలిచినవాడు తడుముకోడు.

గైడ్ లేకపోతే ఏదీ లేదు

పరిశోధనతో ఆనర్స్ నడిపే విభాగానికి గ్రంథాలయం, పత్రికలు, కంప్యూటర్ ల్యాబ్, ప్రయోగశాల ఉండాలని యూజీసీ చట్రం చెబుతోంది. పీహెచ్‌డీ గైడ్‌లుగా గుర్తింపు పొందిన శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరు ఉండాలి. ఈ ఒక్క షరతు మన కళాశాలల గుండె మీద చెయ్యి పెట్టి చూస్తుంది. ఎన్నో డిగ్రీ కళాశాలల్లో విభాగాన్ని అతిథి అధ్యాపకులే మోస్తున్నారు. వచ్చే ఏడాది తాము ఉంటామో లేదో తెలియని వాళ్లు ఒక విద్యార్థికి రెండు సెమిస్టర్లు తోడుంటామని మాట ఎలా ఇస్తారు?

అమెరికాలోని స్వార్త్‌మోర్ కళాశాల ఆనర్స్ విధానం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన ఫ్రాంక్ ఐడెలాట్ 1922లో దాన్ని మొదలుపెట్టారు. కొద్దిమంది విద్యార్థులు ఆచార్యుడి చుట్టూ కూర్చుని, తాము రాసుకొచ్చిన వ్యాసాలను చదివి చర్చిస్తారు. చివర్లో పరీక్షించేది బయటి విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే ఆచార్యులు. అంటే పాఠం చెప్పిన గురువూ విద్యార్థీ ఒక పక్షాన నిలబడి బయటి పరీక్షకుణ్ని ఎదుర్కొంటారు. మార్కులు వేసే అధికారి పాత్ర పోయి, గురువు తోడు నిలిచే మనిషవుతాడు. మన దగ్గర పక్క జిల్లాల కళాశాలల మధ్య అధ్యాపకులు ఇలా పరస్పరం పరీక్షకులుగా వెళ్లడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వైవా అంటే టీ, బిస్కెట్ల తంతు అన్న చెడ్డపేరూ పోతుంది.

శాశ్వత నియామకాలకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు. నాలుగో ఏడాదిని కాగితం మీద ప్రకటించి, గైడ్‌ను ఇవ్వకపోవడం విద్యార్థి సమయాన్ని కాజేయడమే. విశ్వవిద్యాలయాలు తమ ఆచార్యులను అనుబంధ కళాశాలల విద్యార్థులకు సహ గైడ్‌లుగా కేటాయించాలి. పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్లు వారాంతాల్లో డిగ్రీ కళాశాలలకు వెళ్లి పరిశోధన పద్ధతులు నేర్పాలి. వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు.

చివరికి చేతికొచ్చేదేమిటి?

తండ్రి అడిగిన ప్రశ్నకు తిరిగి రాక తప్పదు. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారికి పీజీ ఏడాదిలో పూర్తవుతుంది. కాబట్టి పీజీ దాకా చదవాలనుకునే పిల్లలకు నాలుగో ఏడాది అదనపు భారం కాదు. మూడు, రెండు కలిపితే ఎంతో నాలుగు, ఒకటి కలిపినా అంతే. 2022 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీలో చేరొచ్చు. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌లో లేని ఓబీసీ, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. 2024 నుంచి నాలుగేళ్ల డిగ్రీవాళ్లకు జాతీయ అర్హత పరీక్ష (నెట్) రాసే అవకాశమూ వచ్చింది. అందులో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) దక్కితే నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్ వస్తుంది. విదేశాల్లో పీజీ చేయాలనుకునే బీఎస్సీ, బీకాం విద్యార్థులకు మరో మేలు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు 16 ఏళ్ల చదువును అడుగుతాయి. మూడేళ్ల డిగ్రీతో అక్కడ ఎదురయ్యే ఇబ్బంది నాలుగేళ్ల డిగ్రీతో తీరుతుంది.

ఇంటి పరిస్థితి వల్ల మూడో ఏడాదికే ఉద్యోగంలో చేరాల్సిన విద్యార్థి సిగ్గుపడాల్సిన పనిలేదు. 120 క్రెడిట్ల డిగ్రీ పూర్తి డిగ్రీయే. పై చదువుల మీద ఆసక్తి లేకపోయినా కాలయాపన కోసం నాలుగో ఏడాదిలో కూర్చోవడం మాత్రం ఎవరికీ మేలు చేయదు.

చేరేముందు ఈ అయిదూ అడగండి

• నా సబ్జెక్టులో నాలుగో ఏడాది మీ కళాశాలలోనే ఉంటుందా, వేరే చోటికి వెళ్లాలా?

• పీహెచ్‌డీ గైడ్‌షిప్ ఉన్న శాశ్వత అధ్యాపకులు ఆ విభాగంలో ఎందరు?

• ఆరు సెమిస్టర్ల 75 శాతాన్ని ఎలా లెక్కిస్తారు? గ్రేడ్ పాయింట్లను శాతంలోకి మార్చే సూత్రమేమిటి?

• నాలుగో ఏడాది ఫీజు ఎంత? ఉపకార వేతనం ఆ ఏడాదికీ వర్తిస్తుందా?

• స్వయం కోర్సుల్లో ఏవి మీ విశ్వవిద్యాలయం ఆమోదించింది? ఆ క్రెడిట్లు నా ఖాతాలో ఎప్పుడు జమవుతాయి?

జవాబులు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోవాలి. అడగడం అమర్యాద కాదు, నాలుగేళ్ల జీవితాన్ని వాళ్ల చేతుల్లో పెడుతున్నాం కదా!

కళాశాలలకు కూడా ఒక విన్నపం. పూర్తయిన డిసర్టేషన్లను వైవా కాగానే బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. లైబ్రరీలో అందరికీ అందే అరలో ఉంచండి, కళాశాల వెబ్‌సైట్‌లో పెట్టండి. ఫ్లోరైడ్ కొలిచిన విద్యార్థి లెక్కలు ఆ ఊరి పంచాయతీకి వెళ్లాలి, మిర్చి రైతు మీద రాసింది మార్కెట్ కమిటీ చదవాలి. నిరుడు సీనియర్ ఎక్కడ ఆగాడో చూసి, ఈ ఏడాది జూనియర్ అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఒక కళాశాల పదేళ్లపాటు అలా చేస్తే ఆ జిల్లా గురించి ఆ జిల్లా పిల్లలే కూడబెట్టిన విజ్ఞానం తయారవుతుంది. దాని కోసం ఒక ఏడాది ఎక్కువ చదివించడానికి ఏ తల్లిదండ్రులైనా ధైర్యంగా ఒప్పుకోవచ్చు.